పుల్లమ్మ పేరు

నా కోడలు నా భార్య పేరును వాడుకొని పారేసింది. ఇందులో వాదానికి చోటు లేదు. ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. చెప్పకపోతే ఆమె నోటికి జడిసి చెప్పరు.

నా భార్య పేరు పుల్లమ్మ. ఈ కాలం వాళ్లకు ఆ పేరు వింటే నవ్వు వస్తుంది. అది ఎలా పుట్టిందో తెలియక నవ్వుతారు. తెలిశాక మరీ నవ్వుతారేమో.

మా అత్తగారికి పుల్లమ్మ కంటే ముందు పుట్టిన పిల్లలు ఒక్కరూ దక్కలేదు. అందరికీ మంచి పేర్లే పెట్టారు, దేవుళ్ల పేర్లు, దేవతల పేర్లు. పేరు అలవాటయ్యే లోపలే పోయారు. అందుకని ఈసారి ఎవరూ పేరు తలపెట్టలేదు. పురుడు తీరిన రోజు ఇంటి పెద్ద, అంటే పుల్లమ్మ తాత, వసారాలో కూర్చొని ఆకులో అన్నం తిన్నాడు. తిన్న ఆకును తనే తీసుకుపోయి పెంటదిబ్బ మీద వేశాడు. తిని పారేసిన ఆకును మా వైపు పుల్లాకు అంటారు. ఆ పుల్లాకు మీద, మెతుకులు ఇంకా అంటుకొని ఉండగానే, పసిబిడ్డను పడుకోబెట్టారు. దారిన పోయే ఒకావిడ, ముందే మాట్లాడి పెట్టుకున్న మనిషే, "ఎవరిదో పారేసిన బిడ్డ" అని ఎత్తుకుంది. మా అత్తగారు చేటలో తవుడు పోసి ఆమెకిచ్చి బిడ్డను కొనుక్కుంది. కుడి ముక్కు కుట్టి రాగి తీగ వేశారు. పేరు పుల్లమ్మ.

అర్థం ఇంతే. చావు వచ్చి చూస్తుంది. దానికి కనబడేది బిడ్డ కాదు, ఎవరో తిని వదిలేసిన ఆకు. చావు కూడా ఎంగిలి ముట్టదు. ఇంకో ఇంటికి పోతుంది.

పుల్లమ్మ బతికింది. పెరిగింది. అల్లూరికి తూర్పున, ఉప్పు గాలి తగిలే మా ఊరికి కాపురానికి వచ్చింది. అప్పట్లో అది ఎగతాళి పేరు కాదు. ఇసుకలో తవ్విన మంచినీళ్ల దొరువు దగ్గర నిలబడి "పుల్లమ్మా" అని కేకేస్తే నలుగురైదుగురు ఆడవాళ్లు కడవలు దించి వెనక్కి తిరిగేవారు. నల్ల పుల్లమ్మ, మిట్ట పుల్లమ్మ, పొరుగూరి పుల్లమ్మ అని గుర్తు పెట్టుకునేవాళ్లం. ఒక్కో పుల్లమ్మ వెనక పూడ్చిపెట్టిన పసిబిడ్డలు ఉండేవారు. అందుకే ఎవరూ నవ్వేవారు కాదు. తరవాత సూది మందులు వచ్చాయి, నెల్లూరులో ఆసుపత్రులు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. పిల్లలు బతకడం మొదలుపెట్టారు. పుల్లమ్మలు ఒక్కొక్కరే పోయారు. వాళ్ల పేరు ఎవరూ తిరిగి పెట్టుకోలేదు.

నా కొడుకు మస్తానయ్య. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడు కాబట్టి ఆ పేరు. అల్లూరులో రైసుమిల్లు గుమాస్తా. మెత్తని మనిషి. అతనికి నెల్లూరు సంబంధం చేశాను. అది నేను చేసిన మేలు, దానికి ఎవరూ నాకు దండం పెట్టలేదు.

కోడలికి పుట్టింట్లో పెట్టిన పేరు వెంకటశేషమ్మ. నెల్లూరులో ఎనిమిదో క్లాసు దాకా చదివి శేషకుమారి అయింది. పెళ్లి శుభలేఖలో అలాగే అచ్చు వేయించారు. నేను మాత్రం శేషమ్మ అనే పిలిచాను. పిలిచినప్పుడల్లా ఆమె ముఖం ముడుచుకునేది. అందుకే ఇంకో రెండుసార్లు పిలిచేవాణ్ణి.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో పుల్లమ్మ మంచం పట్టింది. కడుపులో గడ్డ. అప్పటికి కోడలు చూలాలు. ఒక పొద్దుటిపూట కోడలు జావ తెచ్చి మంచం పక్కన నిలబడింది. మస్తానయ్య గడపలో చెప్పులు వేసుకుంటున్నాడు. నేను అక్కడే పలుపు పేనుతున్నాను.

"ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టు శేషమ్మా," అంది పుల్లమ్మ. "చూసేదానికి నేను ఎట్టాగూ ఉండను."

కోడలు నవ్వింది. "ఎంగిలాకని పేరు ఎవరు పెట్టుకుంటారత్తా ఈ కాలంలో? బడిలో పిలకాయలు ఏడిపించరా? ఆ పేరు మీతోనే పోనీండి."

"ఎగతాళికి అంటాదిలే అమ్మా," అన్నాడు మస్తానయ్య.

"ఎగతాళికే. నాకు తెలవదా," అంది పుల్లమ్మ. జావ తాగకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

పుల్లమ్మ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. చీర అడగలేదు, పుట్టింటికి పోతానని అడగలేదు. నాతో కాపురం చేసినన్నాళ్లలో ఆమె అడిగినట్టు నాకు గుర్తున్నది అదొక్కటే. మళ్లీ అడగలేదు. వరి కోతలు మొదలయ్యే లోపల పోయింది.

ఆడపిల్లే పుట్టింది. ఉషారాణి అని పెట్టారు. ఆ సంవత్సరం మా చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన ఆడపిల్లలందరూ రాణులే.

"కాలం మారింది నాయనా," అన్నాడు మస్తానయ్య నా దగ్గరికి వచ్చి, నేల చూస్తూ.

"మారింది కాలమా, నీ పెళ్లామా?"

"ఆమె చదువుకున్నది. నలుగురిలో ఇదిగా ఉంటాదని..."

"మీ అమ్మ ఆ పేరుతోనే నిన్ను కన్నది. నీకు ఇదిగా ఉంటే దర్గాకు పోయి నీ పేరు కూడా తిరిగి ఇచ్చి రా."

వెళ్లిపోయాడు. నేను ఇంటి నడుమ మట్టిగోడ పెట్టించాను. పెరట్లో అది రొమ్ము ఎత్తు వరకే వచ్చింది. నా కూడు నేను వండుకున్నాను. బర్రె నా వైపు ఉంది.

ఉషారాణి వానాకాలం దాటలేదు. జ్వరం. ఇసుక దిబ్బల అవతల సరుగుడు తోట పక్కన గుంత నేనే తవ్వాను. మస్తానయ్య చేతికి గడ్డపార నిలవలేదు. తరవాత మగపిల్లవాడు, రమేష్‌బాబు. వాడూ అదే దారి. ఆ గుంత కూడా నేనే తవ్వాను. నేను ఏడవలేదు. ఏడ్చానని ఎవరైనా చెబితే అది వాళ్లు కల్పించినది.

అరవై రెండులో మళ్లీ ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది రెబెక్కమ్మ. ఆమె నెల్లూరులో మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, మొగుడు పోయాక పుట్టిన ఊరని తిరిగి వచ్చి, మా ఊరి చర్చి వెనక గుడిసె వేసుకొని ఉండేది. ఎవరి ఇంట్లో పురుడైనా ఆమెకే కబురు. ఎవరితోనైనా ఉన్నమాట అనేసే రకం.

కోడలు పురిటి స్నానం చేసిన మర్నాడు గోడ తిరిగి నా వైపు వచ్చింది. పెళ్లిలో ఉన్న మనిషిలో సగం కూడా లేదు.

"మామా, రేపు మా పక్కకు భోజనానికి రండి," అంది.

ఎందుకో నాకు తెలుసు. అయినా వస్తానన్నాను.

వెళ్లాను. వసారాలో అరటాకు వేసింది. మొలగొలుకుల అన్నం, వంకాయలో ఎండు రొయ్యలు, మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసు. పుల్లమ్మ చేసినట్టే ఉంది. ఎవరిని అడిగి నేర్చుకుందో. పులుసు రెండుసార్లు వేయించుకున్నాను. పెరట్లో పెంటదిబ్బ పక్కన మస్తానయ్య పిల్లను ఎత్తుకొని నిలబడి ఉన్నాడు. పక్కన రెబెక్కమ్మ, చేట పట్టుకొని.

సగం తిన్నాక కోడలు నోరు తెరిచింది.

"మామా, తిన్నాక ఆకు మీరే దిబ్బ మీద వెయ్యాల. పిల్లకు పుల్లమ్మ అని పెడతాము."

"ఎవరి పేరు అది?"

"అత్త పేరు."

"అది ఆమెతోనే పోయింది గదా. నువ్వే పొమ్మన్నావు."

ఆమె గరిటె కింద పెట్టింది. "తప్పు మాట్లాడినా. కాళ్లు పట్టుకుంటా."

"అన్నం తినేవాడి కాళ్లు పట్టుకోకూడదు. మజ్జిగ ఉందా?"

మజ్జిగ పోసింది. నేను తొందరపడలేదు. మజ్జిగన్నం తిన్నాను. ఆకు మీద మెతుకు లేకుండా వేలితో ఊడ్చి తిన్నాను. లేచాను. ఆకు చేతిలోకి తీసుకున్నాను. పెరట్లోకి దిగాను. మస్తానయ్య పిల్ల మీద కప్పిన గుడ్డ తీశాడు. వాళ్లను దాటుకొని, గోడ చివర సందులోంచి నా వైపు వెళ్లి, ఆకు బర్రె ముందు వేశాను. అది రెండుసార్లు నమిలి మింగేసింది.

వెనక్కి తిరిగేసరికి కోడలు గోడ అవతల నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మామా, ఒక్కమాట అడుగుతా. మీరు ఎప్పుడన్నా అత్తను ఆ పేరుతో పిలిచినారా? ఏమే అనే గదా పిలిచినారు చచ్చేదాకా."

"నా భార్య. నా ఇష్టం."

"అట్నా. సరే," అంది.

రెబెక్కమ్మ చేట కింద పెట్టి గోడ దగ్గరికి వచ్చింది. "పెద్దయ్యా, ఆకులో ఏదో ఉందని మీరు నమ్మితే, మీరు బిడ్డ ప్రాణం బర్రెకు మేపినట్టు. ఏం లేదని నమ్మితే, ఒక ఎంగిలాకు ఇచ్చేదానికి మీకేం పోయింది?"

"నీకెందుకు ఈ గోల? నీ దేవుడు వేరు గదా."

"దేవుడు వేరే. ఆకలి అందరికీ అదే." ఆమె కోడలి వైపు తిరిగింది. "తల్లీ, నాకు ఆకు వెయ్. పొద్దుటి నుంచి నేనూ ఏం తినలేదు."

గోడ ఇవతల కూర్చొని అంతా విన్నాను. రెబెక్కమ్మ ప్రార్థన చేసుకుంది. తిన్నది. పులుసు బాగుందని చెప్పింది. తనే లేచి ఆకు దిబ్బ మీద వేసింది. బిడ్డను దాని మీద పెట్టారు. తనే వంగి ఎత్తుకొని, "ఎవరిదో పారేసిన బిడ్డ, నేను పెంచుకుంటా," అంది. తవుడు చేటలో పోసిన చప్పుడు వినబడింది. "ఇంత మంచి బిడ్డకు ఇంత తవుడేనా?" అని కూడా ఎగతాళి చేసింది. కోడలు ఇంకొంచెం పోసింది. బిడ్డ ముక్కు కుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపు చాలాసేపు వినబడింది.

చర్చి మనిషి ఆకు మీద కాపు బిడ్డను పడుకోబెట్టారని ఊరు పదిరకాలు అనుకుంది. ఎలాగూ ఆ పిల్ల బతకదనుకున్నాను.

బతికింది.

మా ఇళ్లలో కోడలు అత్త పేరు నోట పలకదు. మనవరాలికి అత్త పేరు పెడితే కోడలు ఆ పిల్లను అవ్వా అనో, తల్లీ అనో పిలుచుకుంటుంది. ఆ పేరుతో తిట్టడమన్నది ఎవరూ వినలేదు. నా కోడలు తిట్టింది. పిల్ల పాకడం మొదలుపెట్టిన దగ్గర నుంచి మొదలైంది.

"ఒసే పుల్లీ, యాడ చచ్చినావే?"

"పుల్లీ, పాడుమొహమా, మన్ను తింటావా? తిను. ఇంకా తిను."

"ఈ పుల్లి పీడ నాకు ఎప్పుడు వదులుతాదో."

పొద్దున లేస్తే అదే. మధ్యాహ్నం అదే. ఇలాంటి బిడ్డను ముద్దు చేయకూడదు, తిట్టాలి, అప్పుడే చావు కన్ను పడదు, అది ఆచారంలో భాగమే. ఎవరైనా అడిగితే ఆమె అదే చెప్పేది. కానీ తిట్టేటప్పుడు పిల్ల ఒక పక్క ఉంటే ఆమె ముఖం గోడ పక్క ఉండేది.

"కొంచెం మెల్లగా పిలవ్వే," అన్నాడు మస్తానయ్య ఒకసారి. "నాయన ఉన్నాడు."

"చావుకు వినపడాల గదా. దానికి చెవుడేమో," అంది. గోడ మీదుగా నన్నే చూస్తూ అంది.

బదులు చెబితే ఆమె గెలిచినట్టు.

ఆ వేసవిలో నా మంచం గోడ దగ్గరికి జరుపుకున్నాను. గాలి కోసం. రెబెక్కమ్మ ఆ దారిన పోతూ చూసి నిలబడింది.

"ఏంది పెద్దయ్యా, సముద్రపు గాలి ఆ పక్క గదా. గోడ దగ్గర గాలెట్టా వస్తాది?"

"నా మంచం. నా ఇష్టం."

"మీ ఇష్టమే. మీ ఇష్టాలు ఊరికంతా తెలుసు," అని నవ్వుకుంటూ పోయింది.

పిల్ల నడిచింది. మాట్లాడింది. గోడ పగులులో కాలు పెట్టి ఎక్కి, గడ్డం గోడ మీద ఆనించి నన్ను చూసేది. కుడి ముక్కుకు రాగి తీగ. చూపు నిలిపితే రెప్ప వేసేది కాదు. అది ఎవరి చూపో నాకు తెలుసు. నేను పలకరించలేదు. అది నా మనవరాలు కాదు. ఆచారం ప్రకారం రెబెక్కమ్మ బిడ్డ, తవుడు పోసి కొన్నది. నా దొడ్లో చింతకాయలు రాలితే ఏరుకొని పోయేది. అరవలేదు. అరవడానికి పేరు పెట్టి పిలవాలి.

"పుల్లీ, ఆ ముసలాయన దొడ్లోకి పోయినావా? కాళ్లు ఇరగ్గొడతా," అని అరిచేది కోడలు.

రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు నా ఇంటి మీద పడేదో నాకు లెక్క లేదు. తిట్లలో కలిసి పడేది. బూడిదలో, కసువులో కలిసి పడేది. అయినా పడేది. ఇది మంచిదని నేను అనడం లేదు. జరిగింది చెబుతున్నాను.

అరవై ఏడులో పిల్లను బడిలో వేశారు. ఆ రోజు మధ్యాహ్నం కోడలు పళ్లెంలో బొరుగులూ బెల్లమూ పెట్టుకొని గోడ తిరిగి వచ్చింది. ఆకు సంగతి తరవాత నా వైపు అడుగు పెట్టడం అదే మొదలు.

"పిల్లను బడిలో వేసినాము మామా. సునీత అని రాయించినాము."

"ఉషారాణులు అయిపోయినారా?"

"అది పాతబడింది. ఇప్పుడు ఎవరు పెడతా ఉన్నారు?" ఆ మాట అని ఆమె సరుగుడు తోట వైపు చూసింది. ఆ పేరుతో ఇసుకలో పడుకున్న బిడ్డ గుర్తొచ్చి ఉంటుంది. నేను చూడనట్టు ఊరుకోలేదు. చూస్తూనే ఉన్నాను. ఆమె నా వైపు తిరిగింది. "గండం దాటింది. ఇక ఆ పేరుతో పిలిచేది లేదు. పిల్లకు కూడా చెప్పినాము, ఎవరు పిలిచినా పలకొద్దని."

"ఆ పేరు మీ అత్తది."

"ఎట్టా అవుతాది మామా? మీరు ఆకు ఇచ్చి ఉంటే అత్తది. ఇది రెబెక్కమ్మ ఆకు. నేను పోసిన తవుడు. ఇందులో మీదేముంది?" పళ్లెం అరుగు మీద పెట్టింది. "పని అయిపోయింది, తీసేసినాము."

ఆమె వెళ్లాక కోళ్లు వచ్చి బొరుగులు తిన్నాయి.

ఆ సాయంత్రం చర్చి వెనక గుడిసెకు వెళ్లాను. రెబెక్కమ్మ గుమ్మంలో కూర్చొని చేపలు తోముతోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ ఏమనుకుందో లేవలేదు.

"నీ ఆకు మీద పెట్టిన పేరు తీసేసినారు," అన్నాను.

"చెప్పింది శేషకుమారమ్మ."

"నువ్వు వద్దని చెప్పు. ఆకు నీది. నువ్వు చెబితే వింటాది."

"నేను అమ్మేసినా గదా పెద్దయ్యా. ఆ తవుడు నా కోళ్లు ఎప్పుడో తినేసినాయి. అమ్మిన బిడ్డను ఏమని పిలవాలో నేనెట్టా చెప్పేది?" చేప తిప్పి ఇంకో వైపు తోమింది. "ఆ పొద్దు మీ ఆకు ఇచ్చి ఉంటే ఈ పొద్దు మీ మాట చెల్లేది. బర్రెకు పెట్టినారు. ఇప్పుడు పోయి బర్రెను అడగండి."

ఆమె తల ఎత్తలేదు.

"పుల్లమ్మ నాకు తెలుసు," అంది చేప మీదే చూపు పెట్టి. "మస్తానయ్య పురుడు పోసింది మా అమ్మే. పుల్లమ్మ అరవలేదంట. అరిస్తే మీకు కోపం వస్తాదని గుడ్డ కరిచిపట్టుకొనిందంట. పొద్దు పోతా ఉంది. ఇంటికి పోండి."

ఇంటికి వచ్చాను.

బడిలో ఆ సంవత్సరం సునీతలు చాలామందే చేరారట. పంతులు పెద్ద సునీత, పొట్టి సునీత, కాలవగట్టు సునీత అని పిలుస్తున్నాడట. మా పిల్ల మస్తానయ్య సునీత. మస్తానయ్య అది గొప్పగా చెప్పుకున్నాడు.

గోడ అవతల పిలుపులు మారాయి. "సునీతా, అన్నం తిందువు రా." "సునీతా, జడ వేస్తా రా తల్లీ." తిట్లు పోయాయి. ముక్కుకు రాగి తీగ తీసేసి, రంధ్రం పూడిపోనిచ్చారు. నేను మంచం పాత చోటుకు జరుపుకున్నాను. గోడ దగ్గర గాలి రావడం లేదు.

ఒక పొద్దుటిపూట పిల్ల పలక సంచి తగిలించుకొని మా వాకిలి ముందు నుంచి బడికి పోతోంది. ఎండ ముఖాన పడితే చేయి అడ్డం పెట్టుకుంది. పుల్లమ్మ దొరువు నుంచి కడవతో వచ్చేటప్పుడు అలాగే చేయి అడ్డం పెట్టుకునేది. నేను అరుగు మీద కూర్చొని ఉన్నాను.

"పుల్లమ్మా," అన్నాను.

నా నోటితో ఆ పేరు పిలవడం అదే మొదలు. రెండోసారి గట్టిగానే పిలిచాను. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. పిల్ల తిరగలేదు. నడక కొంచెం పెంచింది, అంతే. బాగా నేర్పించారు.

ఆదివారం నాడు అది తనంతట తానే నా వైపు వచ్చింది. నేను బర్రెకు కుడితి కలుపుతున్నాను. తొట్టి పక్కన నిలబడి చూసింది.

"తాతా, పుల్లమ్మ అంటే ఎవరు?"

నేను కుడితి కలుపుతూనే ఉన్నాను.

"అమ్మను అడిగితే చెప్పలేదు. నాయన మీ తాతనే అడుగు అన్నాడు. రెబెక్కమ్మవ్వ కూడా నిన్నే అడగమనింది."

అంటే ముగ్గురూ నా దగ్గరికే పంపారు. నేను చెబితే ఆ పిల్ల వినేది. ఆ వయసు పిల్లలు విన్నది మరచిపోరు. దొరువు దగ్గర తిరిగి చూసే నలుగురైదుగురి సంగతి చెప్పవచ్చు. వసారాలో పుల్లమ్మ తాత తిన్న ఆకు సంగతి చెప్పవచ్చు. కానీ పంపింది వాళ్లు. నా చేతిలో ఉన్నది ఒక్కటే, చెప్పకపోవడం. అది కూడా వాళ్లు తీసుకోవడానికి వచ్చారు.

"ఎవరూ కాదు. పో," అన్నాను.

"మరి ఆ పొద్దు నువ్వు పిలిచినావే? నన్నే గదా?"

"నిన్ను కాదు. బర్రెను పిలిచినా."

పిల్ల బర్రెను చూసింది. నన్ను చూసింది. దానికి నవ్వు వచ్చింది. గోడ సందులోంచి పరిగెత్తుకుంటూ పోయింది.

"అమ్మా, పుల్లమ్మ అంటే తాత బర్రె పేరంట."

కోడలు నవ్వుతుందని ఎదురుచూశాను. గోడ అవతల ఎవరూ నవ్వలేదు. కొంతసేపటికి మస్తానయ్య గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నన్ను చూసి లోపలికి పోయాడు.

మరుసటి సంతకు బర్రెను కొడవలూరు తోలుకుపోయి అమ్మేశాను. కొన్నవాడు దీని పేరేంది అని అడిగాడు. పేరు లేదని చెప్పాను.

అప్పటి నుంచి ఆ పేరు గోడకు అటూ లేదు, ఇటూ లేదు. ఊళ్లో ఎవరికీ లేదు. ఎందుకు లేదని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి చెప్పాను. మస్తానయ్య వచ్చి అడిగినా, ఆ పిల్ల పెద్దదై వచ్చి అడిగినా, ఇక ఈ సంగతి నా నోట రాదు.